చీటికీ మాటికీ ఆర్డర్లు మారిస్తే గుర్రపుదళం ఎందుకు చచ్చిపోతోంది?

పర్లాకిమిడి_పదాతి

మూడు రాత్రులుగా మీడీవల్ 2 టోటల్ వార్ అనే కంప్యూటర్ ఆటలో ఒకే యుద్ధం ఆడుతున్నాను. మూడుసార్లూ ఓడిపోయాను. నా దగ్గర ఇరవై యూనిట్లు, అవతల పధ్నాలుగు. బరువైన కవచాల గుర్రపుదళాలు నాకు నాలుగు, వాళ్లకి ఒక్కటే.

జరిగేది ఇదీ. మధ్యలో నా ఈటెలవాళ్లు శత్రువు వరుసను పట్టుకుని నిలబడతారు. గుర్రాలను కుడిపక్క నుంచి చుట్టూ తిప్పి వెనక నుంచి కొట్టమని పంపుతాను. అవి బయల్దేరాక శత్రువు కొంచెం జరుగుతాడు, నేను మళ్లీ క్లిక్ చేస్తాను. ఇంకొంచెం జరుగుతాడు, మళ్లీ క్లిక్. తీరా దగ్గరికి చేరాక మా వాళ్లు బల్లేలు దించరు. ఆగిపోయి, కత్తులు తీసి, ఒక్కొక్కడుగా గుద్దుకుంటూ నిలబడతారు. చచ్చిపోతున్నారని వెనక్కి లాగితే ఇంకా ఎక్కువమంది చస్తారు. శత్రువు గుర్రాలు మాత్రం వచ్చిన ప్రతిసారీ నా విలుకాళ్లను తొక్కేసి పోతున్నాయి. కంప్యూటర్‌కి వేరే రూల్స్ ఉన్నాయా? షాపు కట్టేసి ఇంటికొచ్చాక ఆడేది గంటసేపు. ఆ గంటా టెన్షన్‌తోనే పోతోంది.

రాయగడ_రౌతు

రూల్స్ ఒకటే బావా. ఒక ప్రశ్నకి జవాబు చెప్పు. గుర్రాలను పంపేటప్పుడు క్లిక్ ఒకసారా, రెండుసార్లా?

పర్లాకిమిడి_పదాతి

రెండుసార్లు. పరుగెత్తాలి కదా.

రాయగడ_రౌతు

అక్కడే పోతోంది. మొదటి అడుగు నుంచీ పరుగెత్తిస్తే రెండు నష్టాలు. ఒకటి అలసట. చుట్టూ తిరిగి శత్రువు వెనక్కి చేరేసరికే గుర్రాలు సగం అలిసిపోయి ఉంటాయి. అలిసినవాడు కొట్టే దెబ్బలో బలం ఉండదు, ధైర్యం కూడా త్వరగా సడలుతుంది. రెండోది వరుస చెదరడం. మంచి గుర్రం ఉన్నవాడు ముందు, వెనకవాడు ఎక్కడో ఉంటాడు. అందరూ ఒకేసారి తగిలితేనే చార్జ్. ఒకడి వెనక ఒకడు తగిలితే అది ఉత్త తోపులాట.

ఇక అసలు సంగతి. ఆ ఆటలో బల్లేలు దించాలంటే వరుస కుదురుగా ఉండాలి, ముందు కొంత ఖాళీ నేల ఉండాలి. మధ్యలో నువ్వు కొత్త ఆర్డర్ ఇచ్చావంటే వాళ్ల సన్నాహం మొదటికొస్తుంది. శత్రువు ముక్కు దగ్గరికి వెళ్లాక మళ్లీ క్లిక్ చేశావనుకో, ఇక దించడానికి చోటెక్కడిది? కత్తులు తీస్తారు.

నేను చేసేది చెబుతాను. నడిపించుకుంటూ తీసుకెళ్లి శత్రువు వీపుకు ఎదురుగా, బాణం అందనంత దూరంలో ఆపుతాను. వరుస సర్దుకునేదాకా చూస్తాను. అప్పుడు శత్రువు మీద ఒకే ఒక్క క్లిక్. తర్వాత మౌస్ మీద నుంచి చెయ్యి తీసేస్తాను. వాళ్లే నడిచి, వేగం పెంచి, చివర్లో దూకుతారు. నిజం గుర్రపుదళాలదీ ఇదే పద్ధతి. ముందు నడక, తర్వాత చిన్న పరుగు, పూర్తి దౌడు చివరి కొద్ది దూరమే.

ఇచ్ఛాపురం_ఈటె

మౌస్ మీద నుంచి చెయ్యి తీయడమే అన్నిటికన్నా కష్టమైన పని. నాకు రెండేళ్లు పట్టింది.

బరంపురం_బాణం

నేను ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 మనిషిని. మా దగ్గర విలుకాళ్లతో ఇదే గొడవ. బాణం వేయమన్నాక చెయ్యి లేచి బాణం వదిలేలోపు ఒక్క క్షణం పడుతుంది. ఆ క్షణంలో 'కదులు' అని క్లిక్ చేస్తే ఆ బాణం రద్దు. కొత్తవాళ్లు ఇరవై మంది విలుకాళ్లను ముందుకీ వెనక్కీ ఆడిస్తూ చాలా గొప్పగా ఆడుతున్నామనుకుంటారు. చివర్లో లెక్క చూస్తే వాళ్ల విలుకాళ్లు సగం సమయం బాణమే వేసి ఉండరు.

ఇంకొకటి. వరుస కట్టిన గుంపుకి పోట్లాట మధ్యలో 'అటు పదండి' అంటే ముందు వరుస సర్దుకుంటారు. వెనకవాడు ముందుకొస్తాడు, ముందువాడు పక్కకెళ్తాడు. అదంతా శత్రువు కొడుతుండగానే! మా తమ్ముడు దాన్ని 'పెళ్లి ఫొటోకి నిలబడటం' అంటాడు. ఫొటో తీసేలోపు సగం మంది చుట్టాలు ఉండరు.

ధర్మాబాద్_దళపతి

నేను ఒప్పుకోను. పైన ఇద్దరూ చెప్పింది వింటే తక్కువ క్లిక్ చేసినవాడే గెలుస్తాడన్నట్టుంది. టోర్నమెంట్లు ఆడేవాళ్లను చూడండి. వాళ్ల వేళ్లు ఆగవు. బాణం వదలగానే అడుగు వెనక్కి, మళ్లీ తిరిగి బాణం, మళ్లీ అడుగు. అలా ఆడిస్తూనే ఎదుటి కత్తివీరులను దగ్గరికి రానివ్వకుండా చంపుతారు. ఎదుటివాడు రాళ్లు విసిరే యంత్రం వదలగానే గుంపును రెండుగా చీల్చి తప్పిస్తారు. ఆ ఆటలో బాలిస్టిక్స్ అనే విద్య నేర్చుకోని విలుకాడి బాణం మనిషి నిలబడిన చోటికే పోతుంది కాబట్టి, కదులుతూ ఉండటమే ప్రాణం కాపాడుతుంది. ఆర్డర్లు ఎక్కువవడం తప్పు కాదు. ఏ క్షణంలో ఇస్తున్నామన్నదే లెక్క.

బరంపురం_బాణం

అన్నా, మీరు చెప్పింది నేను చెప్పింది ఒకటే. బాణం వదిలాక కదపమని మీరు, వదలకముందు కదపొద్దని నేను.

ధర్మాబాద్_దళపతి

ఒకటి కాదు తమ్ముడూ. పదాతి అడిగింది చదివి కొత్తవాళ్లు చేతులు కట్టుకుని కూర్చుంటారని నా భయం. తేలికపాటి దళాలను ఆడిస్తూనే ఉండాలి. బరువు దళాలను పంపి వదిలేయాలి. ఈ తేడా చెప్పకపోతే సగం చెప్పినట్టే.

రాయగడ_రౌతు

దళపతి గారి మాట నిజం. నేను బరువు గుర్రాల గురించే చెప్పాను, ఆ ముక్క రాయాల్సింది. గుర్రం మీద విలుకాళ్లుంటే నేనూ వాళ్లను ఆపను.

కిన్వట్_కొత్తోడు

నేను ఫోన్‌లో రోమ్ టోటల్ వార్ ఆడుతున్నా. పొడుగు ఈటెల ఫాలాంక్స్ ముందు నుంచి వస్తే ఎవరూ నిలవట్లేదు, మస్తు ఉంది. కానీ పక్కకి తిప్పితే చాలు, కుప్పకూలుతోంది. తిప్పడంలో నా తప్పేమైనా ఉందా?

గుణుపురం_గవ్వ

తప్పు నీది కాదు తమ్ముడూ, ఆ దళం స్వభావమే అంత. అంతంత పొడుగు ఈటెలు పట్టుకున్న గుంపు పక్కకి తిరగాలంటే ఈటెలు ఎత్తాలి, తిరగాలి, మళ్లీ దించాలి. ఆ మధ్యలో వాళ్ల చేతిలో ఆయుధం లేనట్టే. కాబట్టి ఎదురుగా శత్రువు ఉన్నప్పుడు తిప్పొద్దు. పక్కన కాపలాకి వేరే దళాన్ని పెట్టు. నేను రెండు చివర్లా కత్తివాళ్లను కొంచెం వెనక్కి నిలబెడతాను. ఎవడైనా చుట్టూ తిరిగి వస్తే వాళ్లే చూసుకుంటారు, ఫాలాంక్స్ తల తిప్పాల్సిన పనే ఉండదు.

జయపురం_ఏనుగు

పరుగు, అలసట అన్నారు కాబట్టి ఒక నిజం యుద్ధం చెబుతాను. క్రీస్తుపూర్వం 48, ఫార్సాలస్. ఇద్దరూ రోమన్ సేనానులే, సీజర్ ఒకవైపు, పాంపే ఒకవైపు. పాంపే తన పదాతిని కదలొద్దన్నాడు. సీజర్ మనుషులు మైదానమంతా పరుగెత్తుకుంటూ వచ్చి, అలిసి, వరుస చెదిరి తగులుతారు, అప్పుడు కొడదామని అతని లెక్క. మన రౌతు చెప్పిన రెండు నష్టాలూ అవే.

అయితే సీజర్ సైనికులు ఏళ్ల తరబడి యుద్ధాలు చూసినవాళ్లు. పరుగెత్తుతూ చూస్తే అవతలివాళ్లు ఎదురు రావట్లేదు. ఎవరూ ఆర్డర్ ఇవ్వకుండానే సగం దారిలో ఆగిపోయారు. ఊపిరి పీల్చుకుని, వరుస సర్దుకుని, మళ్లీ కదిలారు. ఇది సీజర్ స్వయంగా రాసుకున్న సంగతి. మన ఆటల్లో యూనిట్లకు ఆ తెలివి లేదు. కాబట్టి సగం దారిలో ఆపాల్సింది మనమే.

ఇచ్ఛాపురం_ఈటె

పాంపే చేసింది తప్పంటారా? నిలబడినవాడికి అలసట ఉండదు కదా.

జయపురం_ఏనుగు

సీజర్ దాన్ని తప్పనే రాశాడు. పరుగెత్తేవాడిలో ఒక ఊపు పుడుతుంది, దాన్ని సేనాపతి చల్లార్చకూడదని అతని వాదన. ఆటల భాషలో చెప్పాలంటే చార్జ్ బోనస్, అంటే దూకి కొట్టిన దెబ్బకి వచ్చే అదనపు బలం. నిలబడితే అలసట లేదు, బోనసూ లేదు. ఈటెలవాళ్లయితే నిలబెట్టు. కత్తివాళ్లయితే చివరి కొంత దూరం ఎదురు పంపు. నేనలాగే ఆడతాను.

పర్లాకిమిడి_పదాతి

ఇప్పుడే రెండు గంటలు ఆడి వచ్చాను. రౌతు బావా, ఒక్క క్లిక్‌తో వదిలేశాను. బల్లేలు దించారు! నలభై మంది గుర్రపువాళ్లు ఒక్క దెబ్బకి వందమంది ఈటెలవాళ్ల వరుసను ఎగరగొట్టారు. మా ఆవిడ నిద్రలేచి ఏమైందని అడిగింది.

కానీ ఆ తర్వాత మళ్లీ అదే కథ. చార్జ్ అయ్యాక అక్కడే ఉండి పోట్లాడితే చస్తున్నారు. వెనక్కి లాగితే వీపు మీద పొడిపించుకుని చస్తున్నారు. ముందుకు పోతే నుయ్యి, వెనక్కి వస్తే గొయ్యి. ఏం చేయాలి?

రాయగడ_రౌతు

వెనక్కి లాగడం కూడా ఒక ఆర్డరే బావా, దానికీ ఖర్చుంటుంది. కలబడి ఉన్నవాడు వెనక్కి తిరిగితే ఎదుటివాడికి వీపు ఇస్తాడు. అందుకే ఎప్పుడు లాగాలో చూసుకోవాలి. దెబ్బ తగిలిన మొదటి క్షణాల్లో శత్రువు నేలమీద పడి ఉంటాడు, కొందరు ఇంకా లేవలేదు. లాగితే అప్పుడే లాగు. వాళ్లు లేచి చుట్టుముట్టాక లాగితే ఆలస్యమైనట్టే. ఆలస్యమైతే ఇక లాగకు, పక్కనున్న ఇంకో దళాన్ని సాయం పంపు. వెనక్కొచ్చిన గుర్రాలను ఊరికే దగ్గర్లో నిలబెట్టకు. మళ్లీ చార్జ్‌కి సరిపడా దూరం తీసుకెళ్లు.

ధర్మాబాద్_దళపతి

లాగేటప్పుడు రెండు క్లిక్కులే. అక్కడ నడిపించావంటే ఒక్కడూ మిగలడు.

బల్లార్షా_బొగ్గు

నైట్ షిఫ్ట్ నుంచి వచ్చి మొత్తం చదివాను. ఆర్డర్ తప్పితే ఏమవుతుందో మా మహారాష్ట్రలోనే పెద్ద ఉదాహరణ ఉంది, ఎవరూ ఎత్తలేదు. జాల్నా జిల్లా అస్సాయే, 1803 సెప్టెంబరు 23. బంధువుల పెళ్లికి అటు వెళ్లినప్పుడు పనిగట్టుకుని ఆ ఊరు చూసొచ్చాను. రెండు చిన్న నదుల మధ్య నేల. ఇప్పుడంతా చేలు. అక్కడ నిలబడితే గానీ నాకు ఆ యుద్ధం అర్థం కాలేదు.

ఒకవైపు మరాఠా పాలకులు సింధియా, భోంస్లేల సైన్యం. అందులో యూరప్ పద్ధతిలో తయారైన పదాతి పది వేలకు పైన, వందకు పైగా ఫిరంగులు. రెండోవైపు ఈస్టిండియా కంపెనీ సేనాపతి వెల్లెస్లీ, ఆయన సొంత దళాలు సుమారు నాలుగున్నర వేలు. నది దాటే రేవు లేదని దారి చూపేవాళ్లు చెప్పారు. ఆయన అటొకటి ఇటొకటి ఎదురెదురుగా ఉన్న రెండు ఊళ్లను చూసి, మధ్య రేవు లేకుండా జనం ఇలా కాపురం ఉండరని ఊహించి, దాటించి పక్క నుంచి కొట్టబోయాడు.

అప్పుడు సింధియా పదాతిని నడిపే పోల్‌మన్ ఏం చేశాడో చూడండి. మొత్తం వరుసను కొత్త దిక్కుకి తిప్పేశాడు, అదీ శత్రువు నది దాటుతుండగా. పైన గవ్వ గారు ఫాలాంక్స్‌ని తిప్పొద్దన్నారే, అలాంటి పనిని వేలమందితో చేయించాడు. ఎంత శిక్షణ ఉంటే సాధ్యమో ఆలోచించండి. శత్రువు ఇంకా దూరంగా ఉన్నాడు కాబట్టి చెల్లింది.

ఇక తప్పిన ఆర్డర్. వెల్లెస్లీ కుడి చివర దళాలను నడిపే ఆరక్ అనే అధికారికి అస్సాయే ఊరికి దూరంగా ఉండమని ఆజ్ఞ. ఆ ఊరి చుట్టూ ఫిరంగులున్నాయి. అతను ఆజ్ఞ సరిగా పట్టుకోలేక నేరుగా ఊరివైపు నడిచాడు. వెనక వస్తున్న 74వ రెజిమెంట్ పని అతని వెంట పోవడం. అది కూడా పోయింది. మధ్యలో ఖాళీ ఏర్పడింది, ఫిరంగులు వాళ్లను ఊచకోత కోశాయి. చివరికి శవాలను అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. వెనక ఉంచిన గుర్రపుదళం వచ్చి కొడితే తప్ప ఒక్కడూ మిగిలేవాడు కాదు.

గుణుపురం_గవ్వ

అన్నయ్యా, అయినా గెలిచింది వెల్లెస్లీయే కదా? ఆర్డర్ తప్పినా గెలవొచ్చన్నమాట.

బల్లార్షా_బొగ్గు

గెలిచాడు. కానీ ఆ ఒక్కరోజులో 1,500 మందికి పైగా చచ్చినవాళ్లు, గాయపడ్డవాళ్లు. ఉన్న సైన్యంలో మూడో వంతు. గెలిపించింది ఏమిటంటారా, అప్పటిదాకా ఏ ఆర్డరూ ఇవ్వకుండా వెనక ఉంచిన గుర్రాలు. వాటిని కూడా మొదటే ఎక్కడికో పంపేసి ఉంటే ఆ కుడిపక్కను కాపాడేవాడెవడు?

జయపురం_ఏనుగు

అదే! ఫార్సాలస్‌లోనూ అంతే. పాంపే గుర్రాలు చుట్టూ తిరిగి వస్తాయని ముందే ఊహించి, సీజర్ కొన్ని దళాలను విడిగా వెనక నిలబెట్టాడు, నేను సైగ చేసేదాకా కదలొద్దన్నాడు. గుర్రాలను ఆపింది వాళ్లే. పదాతీ, నువ్వు నాలుగు గుర్రపుదళాలనూ ఒకేసారి పంపుతున్నావని నా అనుమానం.

పర్లాకిమిడి_పదాతి

అవును, నాలుగూ. ఖాళీగా కూర్చున్న దళాన్ని చూస్తే నా మనసు ఒప్పుకోదు.

ఇచ్ఛాపురం_ఈటె

మన ఆంధ్రలో చందుర్తి యుద్ధం ఉంది కదా, 1758 డిసెంబరు, గొల్లప్రోలు దగ్గర. అక్కడ నిలబడ్డవాడిదే పైచేయి. ఇంగ్లీషు సేనాని ఫోర్డ్ తెచ్చిన బెంగాల్ సిపాయిలు ఎర్రకోట్లు వేసుకున్నారు. ఫ్రెంచి వాళ్లు వాళ్లనే ఇంగ్లీషు దళం అనుకుని తమ మంచి పదాతినంతా అటు నడిపించారు. అసలు ఇంగ్లీషు దళం ఎత్తైన చేను చాటున ఉంది. సిపాయిలను తరుముతూ వరుస చెదిరిన ఫ్రెంచి వాళ్ల మీద పక్క నుంచి పడ్డారు. ఎటు నడవాలో నిర్ణయించేముందు ఎదురుగా ఉన్నది ఎవరో చూసుకోవాలి.

కిన్వట్_కొత్తోడు

ఆటలో చెట్ల మధ్య దళాన్ని దాచొచ్చా?

ఇచ్ఛాపురం_ఈటె

రోమ్‌లో దాచొచ్చు. అడవిలో నిలబెట్టి వదిలెయ్. మీ కిన్వట్ అడవుల పక్కనుండి ఆ మాట నన్ను అడుగుతున్నావా!

సిరొంచ_సిపాయి

అందరూ క్లిక్ గురించి మాట్లాడుతున్నారు. నేను క్లిక్ లేని ఆట గురించి చెబుతాను.

ప్రష్యాలో రైస్విట్జ్ అనే సైనికాధికారి 1824లో క్రీగ్‌ష్పీల్ అనే ఆట అచ్చు వేశాడు. మ్యాప్ మీద ఎరుపు, నీలం బిళ్లలు. ఒక్కో వంతు రెండు నిమిషాల యుద్ధానికి సమానం. ఆడేవాళ్లు బిళ్లలు ముట్టుకోరు. ఆర్డర్ కాగితం మీద రాసి మధ్యవర్తికి ఇస్తారు. ఆ ఆర్డర్ గుర్రం మీద దళం దాకా వెళ్లడానికి ఎంతసేపు పడుతుందో లెక్కేసి, అప్పుడు మధ్యవర్తి బిళ్ల కదుపుతాడు. శత్రువు ఎక్కడున్నాడో నీకు కనిపించేంత మటుకే చూపిస్తాడు.

పోయిన వానాకాలం మా ఇంటి వసారాలో ఆడాం. ప్రాణహిత పొంగి, కరెంటు పోయి, నెట్‌వర్క్ లేక, చేసేదేం లేక మొదలుపెట్టాం. చార్ట్ పేపర్ మీద మ్యాప్ గీశాం. చింతగింజలు పదాతి, గవ్వలు గుర్రపుదళం. మా చెల్లెలు మధ్యవర్తి. మేనల్లుడు చీటీలు మోసేవాడు. నేను ఒక గదిలో, మా బావ ఇంకో గదిలో.

మొదటి పది చీటీల్లో ఆరు నేను ముందు పంపినదాన్ని రద్దు చేస్తూ పంపినవే. కంప్యూటర్ మీద అలవాటు. చెల్లెలు ఏమీ మాట్లాడలేదు. మొదటి చీటీ ప్రకారం గవ్వలు సగం దూరం వెళ్లాయి, రెండోది అందగానే తిరిగాయి, మూడోది అందగానే మళ్లీ తిరిగాయి. గంట ఆటలో నా గుర్రాలు ఒక్క శత్రువునూ తాకలేదు. బావ రాసిన చీటీలు మొత్తం మూడు. మూడింటితో నా ఎడమపక్క లేకుండా చేశాడు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

జయపురం_ఏనుగు

సిపాయీ, నీ గవ్వల కథే నిజంగా జరిగింది. 1815 జూన్ 16న నెపోలియన్ సైన్యంలో సేనాని డెర్లాన్ కింద ఇరవై వేల మంది. ఒకే రోజు రెండు యుద్ధాలు, లిన్యీలో ఒకటి, కాత్ర్ బ్రాలో ఇంకొకటి. అతన్ని ఇటు రమ్మని ఒక ఆజ్ఞ, అటు రమ్మని ఇంకో ఆజ్ఞ. రోజంతా రెండింటి మధ్య నడిచాడు. ఏ యుద్ధంలోనూ చెయ్యి వేయలేకపోయాడు. రెండు రోజుల తర్వాత వాటర్లూ.

ధర్మాబాద్_దళపతి

సిపాయి చెప్పింది చదివాక నేను నా మాట కొంచెం మార్చుకుంటున్నాను. వేళ్లు వేగంగా ఉంటే చాలదు. కానీ కంప్యూటర్ ఆటలో ఆర్డర్ క్షణంలో అందుతుంది కదా, ఆ సౌకర్యాన్ని వాడుకోకపోవడమూ తప్పే. ఆ చీటీల ఆటలో ఆర్డర్ రాయడంలోనే తప్పు దొర్లితే ఎలా?

సిరొంచ_సిపాయి

దొర్లింది అన్నా. 'కుడివైపు గుట్ట దగ్గరికి గుర్రాలు' అని రాశాను. మ్యాప్‌లో కుడివైపు గుట్టలు రెండున్నాయి. నేను అనుకున్నది దగ్గరది, చెల్లెలు పంపింది దూరపుది. గొడవపడ్డాను. "నువ్వు ఇక్కడ కూర్చుని మ్యాప్ అంతా చూస్తున్నావు, నీ రౌతుకి ఒక్క గుట్టే కనిపిస్తోంది" అంది. 1854లో బాలక్లావాలో జరిగింది అచ్చం అదే. గుట్ట మీద ఉన్న ఇంగ్లీషు సేనాపతి రాగ్లన్‌కి తాను చెప్పిన ఫిరంగులు కనిపిస్తున్నాయి. లోయలో ఉన్న గుర్రపుదళాల అధికారి లూకన్‌కి అవి కనిపించలేదు. చివరికి ఆరువందల డెబ్బై మంది గుర్రపువాళ్లు వెళ్లాల్సిన ఫిరంగుల మీదికి కాకుండా వేరే ఫిరంగుల మీదికి వెళ్లారు.

గుణుపురం_గవ్వ

మీ చెల్లెల్ని ఇక్కడికి తీసుకురండి సిపాయి గారూ. ఆమెతో ఒక ఆట ఆడాలని ఉంది.

పర్లాకిమిడి_పదాతి

నిన్న రాత్రి మళ్లీ ఆడాను. రెండు గుర్రపుదళాలు మాత్రమే పంపాను, రెండు వెనక ఉంచాను. శత్రువు గుర్రాలు ఎప్పటిలాగే నా విలుకాళ్ల మీదికి వచ్చాయి. ఈసారి వెనక ఉన్నవాళ్లు పక్క నుంచి పడ్డారు. గెలిచాను. మొత్తం యుద్ధంలో గుర్రాలకి ఇచ్చిన ఆర్డర్లు కూర్చుని లెక్కపెట్టాను, పదకొండు. ఇదివరకు ఎన్ని ఇచ్చేవాణ్నో లెక్క కూడా లేదు. ఒక్క బాధ మిగిలింది, ఎడమ చివర ఉన్న ఈటెలవాళ్లను పూర్తిగా మరిచిపోయాను. వాళ్లు పారిపోతున్న శత్రువుని తరుముతూ మ్యాప్ చివరిదాకా వెళ్లిపోయారు.

రాయగడ_రౌతు

గార్డ్ మోడ్ పెట్టు బావా. తరమరు, ఉన్నచోటే ఉంటారు.

బరంపురం_బాణం

సిపాయి అన్నా, ఆ చీటీల ఆట మనం వాట్సాప్‌లో ఆడొచ్చా? చీటీకి బదులు మెసేజ్. మీ చెల్లెలు మధ్యవర్తి. అందిన మెసేజ్‌ని ఎంత ఆలస్యంగా అమలు చేయాలో ఆమె ఇష్టం.

ధర్మాబాద్_దళపతి

నేను వస్తాను. కానీ నాకు ఎదురుగా రౌతు ఉండాలి.

రాయగడ_రౌతు

సిద్ధం.

సిరొంచ_సిపాయి

చెల్లెల్ని అడిగాను, ఒప్పుకుంది. ఆదివారం రాత్రి తొమ్మిదికి. మ్యాప్ ఫొటో రేపు పెడతాను. ఈసారి రెండు గుట్టలకీ పేర్లు రాసి పెట్టింది.